మావయ్యగారి కారు, మా అమ్మ ఆయాసం

మా ఇంట్లో కారు ఉందని చెప్పుకోవడానికి నాకు కాస్త మొహమాటం. ఎందుకంటే అది 1998 నాటి మారుతీ 800. తెల్లది. నంబరు ప్లేటు మీద ఏపీ 16 అని పాత కృష్ణా జిల్లా నంబరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా కంచికచర్ల ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చేసింది గానీ, "మన కారు మాత్రం ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉందమ్మా" అని మా అమ్మాయి వేళాకోళం చేస్తుంటుంది.

మా మావయ్యగారు బడిపంతులు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి, ఇల్లు ఉంది, ఇక నా ముచ్చట ఒక్కటి మిగిలింది అని రిటైరైన డబ్బుతో ఆ కారు కొన్నారట. నేను కాపురానికి వచ్చింది కూడా అందులోనే. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ మొట్టమొదటి మారుతీ తాళాలు అందించిన ఫోటోని ఆయన పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నారు. 2014 జనవరిలో ఆ బండి తయారీ ఆపేశారని వార్త వచ్చిన రోజున, ఇంట్లో ఎవరో పోయినట్టు మాట్లాడకుండా కూర్చున్నారు.

నాకు కారు నేర్పింది ఆయనే, నా ముప్పై ఎనిమిదో ఏట. కొడుక్కి నేర్పేటప్పుడు తిట్టని తిట్టు లేదట. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. గొడుగు ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుని, "క్లచ్చి మెల్లిగా వదులమ్మాయ్, పొయ్యి మీంచి పాలగిన్నె దించినట్టు" అనేవారు. అలా చెబితే మనకి రాకుండా ఎలా ఉంటుంది?

ఆయన పోయి నాలుగేళ్ళయింది. మావారికి పురుగుమందుల కొట్టు. ఆయనకి మోటారుసైకిలే సుఖం. కాబట్టి కారు నాదైపోయింది. అత్తయ్యని కంటి డాక్టరు దగ్గరికి నందిగామ తీసుకెళ్ళాలన్నా, శనివారం పరిటాల ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్ళాలన్నా, మధిర రోడ్డులో ఉన్న మా పుట్టింటికి వెళ్ళాలన్నా నేనే నడుపుకుంటూ పోతాను. ఎవరి తీరిక కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ ఒక్క సుఖం విలువ, బస్సు కోసం గంట నిలబడిన ఆడవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని, కార్బురేటర్ గురించి రాస్తానంటే నవ్వకండి. చివరిదాకా చదవండి. ఈ కథలో మీ ఇంట్లో వాళ్ళు కూడా ఉండొచ్చు.

పోయిన సంక్రాంతి వెళ్ళాక, అమ్మని చూసి రావాలని నేనూ అమ్మాయీ వెళ్ళాం. అమ్మకి అరవై ఎనిమిది. తమ్ముడి దగ్గరే ఉంటుంది. మేము వెళ్ళేసరికి పెరట్లోంచి నీళ్ళ బకెట్టు తెస్తూ, అరుగు మెట్ల దగ్గర బకెట్టు దించి నిలబడిపోయింది. "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదే, కాస్త ఆయాసం. నిలబడితే అదే పోతుంది" అంది. తమ్ముడిని అడిగితే, రెండుసార్లు డాక్టరుకి చూపించామని, ఈసీజీ తీశారని, అంతా నార్మల్ అని చెప్పాడు. వయసు, గ్యాసు, మోకాళ్ళు అన్నారట. మరదలు కూడా, "పడుకుంటే ఏం ఉండదు వదినా, పని చేసేటప్పుడే అంటుంది" అంది. ఆ మాటలో చిన్న నిష్ఠూరం వినిపించింది నాకు. పని తప్పించుకోవడానికి అంటోందనా? అమ్మ కూడా విని, లేచి వెళ్ళి మళ్ళీ బకెట్టు పట్టుకుంది.

సాయంత్రం తిరిగి బయల్దేరాం. జుజ్జూరు దాటాక ముందర పత్తి బోరేలు వేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. బోరేలు రెండు వైపులా పొంగి రోడ్డంతా ఆక్రమించాయి. కాసేపు వెనకే వెళ్ళాను. రోడ్డు తిన్నగా, ఖాళీగా కనబడ్డాక మూడో గేరులోకి దించి, హారను కొట్టి, కుడివైపుకి తీసి పెడల్ మొత్తం నొక్కాను.

కారు వెళ్ళలేదు.

ఆగిపోలేదు, దగ్గలేదు, పొగ రాలేదు. హుం... అని మూలుగుతూ అదే వేగంతో పోతోంది. ట్రాక్టరు పక్కన సమానంగా ఇరుక్కుపోయాను. దూరంగా మలుపులోంచి బస్సు వచ్చింది. పెడల్ ఇంకా నొక్కుతున్నాను, నొక్కడానికి ఇంకేం మిగల్లేదు. అమ్మాయి "అమ్మా!" అంది. బ్రేకు వేసి, ట్రాక్టరు వెనక్కి జారి ఎడమవైపు దూరాను. బస్సు గాలికి కారు ఊగింది. పక్కకి తీసి ఆపాక చూసుకుంటే నా చేతులు వణుకుతున్నాయి. అమ్మాయి ఏం మాట్లాడకుండా నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

ఇంటికొచ్చి చెబితే మావారి మొదటి మాట, "గేరు మార్చి ఉండవు."

మార్చానండీ అంటే, "కంగారులో మార్చాననుకుని ఉంటావు."

మర్నాడు ఆయనే మా ఊరి మెకానిక్ కుర్రాడిని పిలిపించారు. అతను బానెట్ ఎత్తి, వాకిట్లో కారు స్టార్టు చేసి, రయ్యి రయ్యిమని రెండు మూడుసార్లు రేజు చేశాడు. వీధిలో వాళ్ళందరూ బయటికొచ్చి చూశారు. "ఇంజను బ్రహ్మాండంగా ఉందక్కా. ప్లగ్గులు తుడిచాను. ఎయిర్ ఫిల్టరు కూడా బాగానే ఉంది" అన్నాడు. మావారు కూడా ఊళ్ళో ఒక చుట్టు తిప్పుకొచ్చారు. రెండో గేరు, మూడో గేరు, నలభైలో. ఏ తేడా లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తీర్పు వచ్చేసింది. కారు బాగానే ఉంది, నడిపే మనిషికే భయం పట్టుకుంది. పైగా 2023లో ఆర్‌సీ రెన్యువల్‌కి 5,000 కట్టాం, మళ్ళీ 2028లో కట్టాలి, పాత ఇనుముకి ఇదంతా ఎందుకు, ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం అన్నారు మావారు. మేకుకి తగిలించి ఉండే కారు తాళాలు మర్నాటి నుంచి ఆయన బీరువాలోకి వెళ్ళిపోయాయి.

ఆయన్ని తప్పుపట్టను. బస్సు సంగతి విన్నాక ఆయనకీ భయం వేసింది, కూతురు ఉంది కదా కారులో. కానీ, నేను చెప్పింది జరగలేదనడం నన్ను ఎక్కడో పొడిచింది. ఒకటి రెండు రోజులకి నాకే అనుమానం వచ్చింది. నిజంగా గేరు మార్చానా? కాలు సరిగ్గా పెట్టానా? అందరూ ఒకే మాట అంటుంటే మన జ్ఞాపకం కూడా వాళ్ళ వైపుకి వెళ్ళిపోతుంది, గమనించారా?

అమ్మాయే అంది, "నువ్వు మార్చావమ్మా. నేను చూశాను." ఆ ఒక్క సాక్ష్యంతో నాకు ధైర్యం వచ్చింది.

మావయ్యగారి పాత డైరీలు అటక మీదున్నాయి. కారు ఖర్చులు ఆయన పైసలతో సహా రాసేవారు. వెతికితే 2009 డైరీలో దొరికింది: "కార్బురేటర్ పని, ఆటోనగర్." కింద కొట్టు గుర్తులు, ఫోను నంబరు. నంబరు పనిచేయలేదు. గుర్తులు మాత్రం ఉన్నాయి. మావారిని అడిగి తాళాలు తీసుకున్నాను. "ఇదే చివరిసారి. వాళ్ళు కూడా బాగుందంటే అమ్మేద్దాం" అన్నాను. ఆయన సరే అన్నారు.

నేనూ అమ్మాయీ యాభై దాటకుండా మెల్లిగా దొనబండ, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి మీదుగా బెజవాడ చేరాం. ఆటోనగర్‌ని మీలో చాలామంది బస్సులోంచి చూసి ఉంటారు. లారీ బాడీలు కట్టేవాళ్ళు, స్ప్రింగు పట్టీలు కొట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, ఒక్కో సందుకి ఒక్కో విద్య. ఆ సందుల్లో చీర కట్టుకున్నవాళ్ళం మేమిద్దరమే. డైరీ గుర్తులు పట్టుకుని అడుగుతూ పోతే, ఒక్క షట్టరు కొట్టులో డెబ్భై ఏళ్ళ పెద్దాయన కనిపించారు. కళ్ళద్దాలు తాడుతో మెడకి కట్టుకున్నారు. చుట్టూ పళ్ళేలలో ఇత్తడి జెట్లు, స్ప్రింగులు, మనం పోపుల డబ్బాలో సర్దుకున్నట్టే.

జరిగింది చెప్పాను. ఆయన కారు వైపు చూడలేదు, నా వైపే చూస్తూ వరసగా అడిగారు. "ఊళ్ళో తిరిగితే బాగుంటుందా? ఒక్కతే ఉంటే బాగుంటుందా? అరవై దాకా మామూలుగా వెళ్ళి, ఆ పైన ఎంత తొక్కినా కదలదా? దగ్గదు, ఆగదు, అంతేనా?" అన్నిటికీ అవునన్నాను. "మీ మెకానిక్ వాకిట్లో రేజు చేసి చూశాడు, అవునా?" దానికీ అవునన్నాను.

"ఖాళీ బిందె ఎత్తించి నడుము బాగుందంటే ఎలాగమ్మా?" అన్నారు.

తర్వాత పైనున్న ఎయిర్ క్లీనర్ విప్పి, మమ్మల్ని దగ్గరికి పిలిచి చూపించారు. ఇన్నేళ్ళూ ఆ కారు నడిపాను గానీ కార్బురేటర్ లోపలికి చూడటం అదే మొదటిసారి. పక్కపక్కన రెండు గొట్టాలున్నాయి. ఫస్ట్ బ్యారెల్, సెకండ్ బ్యారెల్ అంటారట. ప్రతి దాని అడుగున గుండ్రటి ఇత్తడి రెక్క. మొదటి రెక్క మన కాలికి కేబులుతో కట్టి ఉంటుంది. మనం నొక్కితే అది తెరుచుకుంటుంది. గాలీ పెట్రోలూ కలిసి ఇంజనులోకి పోతాయి. రోజువారీ తిరుగుడంతా ఆ ఒక్కదాంతోనే నడిచిపోతుంది. పొదుపు కూడా.

రెండో రెక్క మన కాలి మాట వినదు. మొదటిది బాగా తెరుచుకునేదాకా దాన్ని ఒక చిన్న లివరు కదలనివ్వదు. ఆ తర్వాత కూడా దానంతట అది తెరుచుకోదు. పక్కన ఒక గుండ్రటి డబ్బా ఉంది, అందులో డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర. బరువు పడి, మొదటి గొట్టంలో గాలి జోరుగా పోతుంటే ఆ జోరు ఒక సన్న దారిగుండా డబ్బాలో గాలిని పీలుస్తుంది. పొర లోపలికి వంగుతుంది. పొరకి తగిలించిన కడ్డీ పైకి లేచి రెండో రెక్కని తెరుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు, ఎవరినైనా దాటేటప్పుడు, అలాంటి కష్టానికే అది.

నాకు మా వంటింటి పొయ్యి గుర్తొచ్చింది. ముగ్గురికి వంటైతే ఒక బర్నరుతో సరిపోతుంది. పండక్కి ఆడపడుచులు పిల్లలతో దిగితేనే రెండోది వెలిగిస్తాం. రెండోది పాడైందన్న సంగతి మామూలు రోజుల్లో తెలియనే తెలియదు.

"మరి వాకిట్లో రేజు చేస్తే ఎందుకు తెలియదండీ?" అని అమ్మాయి అడిగింది.

"బండికి లాగేందుకు ఏమీ లేదుగా తల్లీ. కాస్త తొక్కితే చాలు, ఇంజను రయ్యిమంటుంది. ఆపాటి దానికి గాలి జోరు చాలదు. మంచి కార్బురేటరైనా నిలబెట్టి రేజు చేస్తే సాధారణంగా రెండోది తెరుచుకోదు. కొందరు అది చూసి పాడైందని బాగున్నదాన్ని విప్పేస్తారు. కొందరు మీవాడిలా మోత విని బాగుందంటారు. ఇద్దరిదీ ఒకటే తప్పు."

ఆయన వెంటనే డయాఫ్రమ్ మీద నేరం మోపలేదు. ముందు నన్ను లోపల కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా నొక్కమన్నారు. కాలికింద మ్యాట్ ముడత పడినా, కేబులు వదులైనా మొదటి రెక్కే పూర్తిగా తెరుచుకోదట. అది నిటారుగా నిలబడింది, బాగుంది. పెట్రోలు ఫిల్టరు చూశారు, బాగుంది. ఇంజను ఆపి, మొదటి రెక్కని తెరిచి పట్టుకుని, రెండోదాని లివరుని వేలితో నెట్టారు. జిడ్డు పేరుకుంటే అది బిగుసుకుపోతుందట. మాది మెత్తగా వెళ్ళి మెత్తగా వెనక్కొచ్చింది. "రెక్కలో తప్పు లేదు. దాన్ని లాగేవాళ్ళే లేరనుకుంటా. రోడ్డు మీద చూద్దాం. కాస్త దారం ఉందా అమ్మా?"

నా హ్యాండుబ్యాగులో సూదీదారం డబ్బీ ఎప్పుడూ ఉంటుంది. నల్లదారం తీసిచ్చాను. ఆయన ఆ సన్న కడ్డీకి రెండు చుట్లు బిగువుగా చుట్టి ముడేసి, మిగిలింది కత్తిరించి, ముడిని డబ్బా అంచుకి ఆనేదాకా పైకి జరిపారు. రోడ్డు మీద రెండో రెక్క తెరుచుకుంటే కడ్డీ డబ్బాలోకి వెళ్తుంది. ముడి లోపలికి పట్టదు కాబట్టి కడ్డీ మీద కిందికి జారుతుంది. తిరిగొచ్చాక ముడి ఎంత దిగితే అంత తెరుచుకున్నట్టు. దిగకపోతే తెరుచుకోనట్టే. విదేశాల్లో పెద్ద ఇంజన్ల కార్లవాళ్ళు దారం బదులు కాగితాలకి పెట్టే క్లిప్పు పెట్టి చూస్తారని మా అమ్మాయి తర్వాత చెప్పింది. ఊరేదైనా ఉపాయం ఒకటే.

ఎయిర్ క్లీనర్ మళ్ళీ బిగించి, ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. "నువ్వే నడుపమ్మా. కష్టపడింది నీ దగ్గర కదా" అన్నారు. ఎన్నాళ్ళకో పక్క సీట్లో ఒక పెద్దాయన, నన్ను నమ్మి కూర్చున్నారు. ఏనికేపాడు వైపు హైవే మీదికి వెళ్ళాం. ముందూ వెనకా ఖాళీ చూసుకుని, మూడో గేరులో నలభై నుంచి పూర్తిగా నొక్కి పట్టుకోమన్నారు. అదే మూలుగు. అరవై అయిదు దాటలేదు.

తిరిగొచ్చి మూత తీస్తే, ముడి పెట్టినచోటే ఉంది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా" అన్నారు ఆయన.

చిన్న మాటే. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మాయి చూడకుండా చెంగుతో తుడుచుకున్నాను.

డబ్బా విప్పి పొరని చేతిలో పెట్టారు. మన కుక్కరు గాస్కెట్ పాతబడితే ఎలా గట్టిపడిపోతుంది? అలా అయిపోయింది. వెలుతురుకి పెట్టి చూస్తే అంచున సన్నటి చీలిక. గాస్కెట్ కారిపోతే కుక్కరు విజిలు రానట్టే, గాలి ఆ చీలికలోంచి వచ్చేస్తుంటే పొర దేన్నీ లాగలేదు. కొత్త పొర వేశాక ఆయన మరో పరీక్ష చూపించారు. కడ్డీని లోపలికి నొక్కి, గాలి దారిని వేలితో మూసి, కడ్డీని వదిలేయాలి. పొర బాగుంటే కడ్డీ లోపలే నిలబడుతుంది. వేలు తీస్తే వెనక్కొస్తుంది. పాతది వేలు పెట్టినా చటుక్కున వెనక్కొచ్చేసింది. పనిలో పనిగా కార్బురేటర్ కడిగి, కిట్టు వేసి, కూలీతో కలిపి 1,800 తీసుకున్నారు.

మళ్ళీ దారం, మళ్ళీ అదే రోడ్డు. ఈసారి నొక్కిన రెండు క్షణాలకి వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టయింది. ఎనభై ఎప్పుడు దాటిందో తెలియలేదు. మూత తీస్తే ముడి అరంగుళం కిందికి దిగి ఉంది. అమ్మాయి ఫోటో తీసి వాళ్ళ నాన్నకి పంపింది, కింద ఏమీ రాయకుండా.

ఆ సాయంత్రం మావారు కొట్టు నుంచి వచ్చి, కారు తీసుకుని హైవే మీదికి ఒక్కరే వెళ్ళొచ్చారు. వచ్చాక ఏమీ అనలేదు. కాఫీ తాగి, తాళాలు తీసుకెళ్ళి మేకుకి తగిలించారు. మా ఇంట్లో క్షమాపణలు అలాగే ఉంటాయి. చాలు నాకు.

కథ ఇక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పెద్దాయన అన్న మాటే చెవిలో తిరుగుతోంది. ఖాళీ బిందె ఎత్తించి నడుము బాగుందంటే ఎలాగ? తిరిగి తిరిగి, మా అమ్మ బకెట్టు దించి అరుగు దగ్గర నిలబడిన బొమ్మ కళ్ళముందుకొచ్చింది. నిలబడితే పోతుందంది. పడుకుంటే ఉండదంది మరదలు. ఈసీజీ ఎలా తీశారు? మంచం మీద పడుకోబెట్టి.

చిరాకు కారు మీద నన్ను నమ్మనందుకు వారం రోజులు లోలోపల కుమిలిపోయానే, మరి నేను మాత్రం అమ్మని నమ్మానా? తమ్ముడు నార్మల్ అనగానే హమ్మయ్య అనుకుని, అరిసెలు మూటగట్టుకుని బయల్దేరాను కదా. సిగ్గేసింది.

తెల్లారి తమ్ముడికి ఫోను చేశాను. వాడిని తప్పుపట్టినట్టు కాకుండా ఎలా చెప్పాలో తెలియక కారు కథంతా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "నిజమే అక్కా. పొలం గట్టెక్కేటప్పుడు కూడా ఆగుతోంది. నేనే పట్టించుకోలేదు" అన్నాడు.

ఆదివారం వెళ్ళి అమ్మని కారులో బెజవాడ తీసుకొచ్చాను. గుండె డాక్టరుగారు అమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. మళ్ళీ ఈసీజీ తీశారు, మళ్ళీ నార్మల్. ఆయన అక్కడ ఆగలేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండెకి కావలసిన రక్తం సన్నబడిన నాళంలోంచి కూడా అందుతుందని, నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఎక్కువ కావాలి కాబట్టి అప్పుడే చాలక తేడా బయటపడుతుందని చెప్పారు. అందుకే ట్రెడ్‌మిల్ పరీక్ష అన్నారు. ఆడవాళ్ళకి గుండెజబ్బు సినిమాలో చూపించినట్టు ఛాతీ పట్టుకుని పడిపోయేంత నొప్పితోనే రానక్కర్లేదట. ఆయాసం, విపరీతమైన నీరసం, వీపులో, దవడలో నొప్పి, కడుపులో మంట ఇలా కూడా రావచ్చట. అందుకే గ్యాసు అనుకుని, వయసు అనుకుని ఆలస్యం చేస్తామట.

అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఛాతీకి వైర్లు తగిలించుకుని ఆ బెల్టు మీద నడుస్తుంటే గాజు తలుపు బయట నుంచి చూశాను. మూడేసి నిమిషాలకి ఒకసారి బెల్టు వేగం, వాలు పెంచుతారు. మొదటి మూడు నిమిషాలు బాగానే నడిచింది. నా వైపు చూసి నవ్వింది కూడా. వాలు పెంచాక నవ్వు పోయింది. అయిదో నిమిషంలో చెయ్యెత్తి ఆపమంది. డాక్టరుగారు అప్పటికే ఆపమంటున్నారు, తెర మీద గీతలు మారాయట. రెండు రోజులకి యాంజియోగ్రామ్ చేస్తే ఒక నాళం చాలావరకు మూసుకుపోయి ఉంది. స్టెంటు వేశారు.

స్పృహలో ఉండే చేస్తారు కాబట్టి అమ్మ బయటికొచ్చేటప్పటికి మాట్లాడుతూనే ఉంది. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "అయితే నేను వంకలు పెట్టలేదన్నమాట?"

నాకు నోట మాట రాలేదు. రెండుసార్లు నార్మల్ అన్నాక, తనకే తన మీద అనుమానం వచ్చేసిందట. ఆయాసం నిజమా, లేక నాకు పని చేయబుద్ధి కావడం లేదా అని. జుజ్జూరు రోడ్డు తర్వాత నాకు వచ్చిన అనుమానమే అది. నాకు వారం రోజులు, ఆవిడకి ఆరు నెలలు. మరదలు మంచం పక్కనే నిలబడి విని, బయటికెళ్ళి ఏడ్చింది. ఆ పిల్ల చెడ్డది కాదు. అందరిలాగే వాకిట్లో రేజు చేసి చూసింది, అంతే.

ఇప్పుడు అమ్మ బాగుంది. మందులు వేసుకుంటూ పొద్దునా సాయంత్రం నడుస్తోంది. అరుగు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నానని ఫోనులో లెక్క చెబుతుంది. బకెట్లు మాత్రం మరదలు ముట్టుకోనివ్వడం లేదు.

డాక్టరు చెప్పాల్సిన మాటలు నేను చెప్పను. ఎవరికి ఏ పరీక్ష కావాలో వాళ్ళే చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో ఎవరైనా, "మామూలుగా బాగానే ఉంటుంది, పని పడితేనే ఇలా అవుతోంది" అంటే ఆ రెండో సగం డాక్టరుకి తప్పక చెప్పండి. ఎన్ని మెట్లకి ఆగుతున్నారో, ఎంత బరువుకి ఆగుతున్నారో కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. ఆ మాట అంటున్నది మీరే అయితే, మీ మాట మీరే కొట్టేసుకోకండి.

మొన్న మళ్ళీ మధిర రోడ్డులో ట్రాక్టరు ఎదురైంది. ఈసారి గడ్డి లోడు. అమ్మ పక్క సీట్లో ఉంది, వారం రోజులు మా ఇంట్లో ఉండటానికి వస్తోంది. రోడ్డు ఖాళీ చూసుకుని, మూడో గేరులోకి దించి, నొక్కాను. కారు చక్కగా దాటేసింది. "ఎందుకే అంత తొందర?" అని కసిరింది అమ్మ. నవ్వుకుని నాలుగో గేరులోకి మార్చాను.

ఆ నల్లదారం ముడి ఇంకా కడ్డీ మీదే ఉంది. విప్పలేదు. నెలకోసారి బానెట్ ఎత్తి, ముడిని పైకి జరుపుతాను. ఎప్పుడైనా లోడు మీద వెళ్ళొచ్చాక మళ్ళీ ఎత్తి చూస్తాను.